ఆంధ్రా యూనివర్సిటీలో ఆర్గానిక్ కెమిస్ట్రీనా, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో కెమిస్ట్రీనా?

మీ ప్రశ్న నాకు అర్థమైనట్టు ముందు ఒకసారి చెప్తాను, తేడా ఉంటే సరిచేయండి. మీ పాప కావలిలో బీఎస్సీ పూర్తి చేసింది, పదో తరగతి దాకా తెలుగు మీడియం. రాష్ట్ర పీజీ ప్రవేశ పరీక్ష పీజీసెట్‌లో విశాఖపట్నం ఆంధ్రా యూనివర్సిటీలో ఎమ్మెస్సీ ఆర్గానిక్ కెమిస్ట్రీ (కార్బన్ సమ్మేళనాల కెమిస్ట్రీ) సీటు వచ్చింది. సెంట్రల్ యూనివర్సిటీల ప్రవేశ పరీక్ష సీయూఈటీ రాస్తే హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ఎమ్మెస్సీ కెమిస్ట్రీ సీటు కూడా వచ్చింది. ఆర్గానిక్ అయితే కంపెనీలు వెంటనే తీసుకుంటాయని, ఉత్త కెమిస్ట్రీకి గిరాకీ లేదని తెలిసినవాళ్లు చెప్తున్నారు. గాజువాకలో మీ చెల్లెలు ఉంది కాబట్టి ఇంట్లో అందరూ విశాఖ అంటున్నారు. మీకు రొయ్యల చెరువులు, వరసగా రెండు పంటలు వైట్‌స్పాట్ తెగులుకి పోయాయి. నాలుగు రోజుల్లో ఏదో ఒకటి తేల్చాలి.

నా సమాధానం: హైదరాబాద్‌కి పంపండి. ఒక్క సందర్భంలో మాత్రం విశాఖే మేలు: రెండేళ్లు అయిన వెంటనే ఇంటికి జీతం రావాల్సిందే, అది కూడా ఫార్మా కంపెనీలోనే, ఇంకో ఆలోచన లేదు అనే పరిస్థితి ఉంటే. అలాగైతే ఆర్గానిక్ తీసుకోండి, అందులో చిన్నతనం ఏమీ లేదు.

ఇక ఎందుకో చెప్తాను. నేను 28 ఏళ్లు డిగ్రీ కాలేజీల్లో కెమిస్ట్రీ చెప్పాను, నెల్లూరులో కొన్నాళ్లు, కందుకూరులో కొన్నాళ్లు, చివర్లో ఒంగోలు. దానికి ముందు మూడేళ్లు హైదరాబాద్ శివార్లలో మందుల ముడిసరుకు తయారుచేసే ఒక బల్క్ డ్రగ్ కంపెనీలో క్యూసీలో, అంటే నాణ్యత పరీక్షించే విభాగంలో, పనిచేశాను. అందుకని ఈ రెండు వైపులా నాకు కాస్త తెలుసు. ఏటా ఈ సీజన్లో మీలాంటి తండ్రులు ముగ్గురో నలుగురో ఇదే అడుగుతారు, యూనివర్సిటీల పేర్లు మారతాయి అంతే.

మొదట ఆ ఆర్గానిక్ అనే మాట సంగతి. మన వైపు అది ఒక మంత్రంలా అయిపోయింది. ఫార్మా కంపెనీ అంటే బయటి నుంచి ఒకటే బిల్డింగ్ కనిపిస్తుంది గానీ లోపల ఐదారు రకాల పనులుంటాయి. కొత్త మందు అణువుని తయారుచేసే దారి వెతికేది సింథసిస్ ఆర్ అండ్ డీ. గ్రాముల్లో వచ్చినదాన్ని కిలోల్లోకి, అక్కడి నుంచి రియాక్టర్లోకి తీసుకెళ్లేది ప్రాసెస్ డెవలప్‌మెంట్. తయారైనది ఎంత స్వచ్ఛంగా ఉందో కొలిచే పద్ధతులు తయారుచేసేది అనలిటికల్ ఆర్ అండ్ డీ. ఆ పద్ధతితో రోజూ బ్యాచ్ తర్వాత బ్యాచ్ పరీక్షించేది క్యూసీ. కాగితాలన్నీ సరిగ్గా ఉన్నాయా అని చూసేది క్యూఏ. తయారీ జరిగేచోట షిఫ్టుల్లో ఉండేది ప్రొడక్షన్. వీటిలో ఆర్గానిక్ అనే మాటకి నిజంగా బరువుండేది మొదటి రెండింటికే. నేను క్యూసీలో చేరినప్పుడు రోజంతా టైట్రేషన్లు, కార్ల్ ఫిషర్‌తో తేమ శాతం, మెల్టింగ్ పాయింట్, పదార్థాల్ని విడదీసి కొలిచే హెచ్‌పీఎల్‌సీ యంత్రం ఖాళీ అయితే దాని ముందు కూర్చోవడం, ఇంతే. నాతో పాటు ఉత్త బీఎస్సీ వాళ్లు కూడా అదే పని చేసేవాళ్లు, కొందరు నాకంటే బాగా చేసేవాళ్లు కూడా. నెలాఖరు వస్తే బ్యాచ్ రిలీజ్ టెన్షన్, రాత్రి పదకొండుకి కంపెనీ బస్సు. ఆ పనికి ఎవరైనా ఎమ్మెస్సీ ఆర్గానిక్ చేసి రావాలంటే నాకు నవ్వొస్తుంది.

అయితే మీ తెలిసినవాళ్లు చెప్పింది పూర్తిగా అబద్ధం కూడా కాదు. వాక్-ఇన్ ప్రకటనల్లో ‘ఎమ్మెస్సీ ఆర్గానిక్ కెమిస్ట్రీ’ అనే రాస్తారు, గేటు దగ్గర సర్టిఫికెట్లు చూసే మనిషికి కెమిస్ట్రీ రాదు, అతనికి ఆ మాట కనిపించాలి. మామూలు ఎమ్మెస్సీ కెమిస్ట్రీ అని ఉంటే పక్కన పెట్టేసే సందర్భాలు ఉన్నాయి, నా స్టూడెంట్లకే జరిగింది. దీనికి విరుగుడు ఉంది. జనరల్ కెమిస్ట్రీలో కూడా రెండో ఏడు ఆర్గానిక్ వైపు పేపర్లు ఎంచుకుని, ప్రాజెక్టు సింథసిస్ మీద చేస్తే, రెజ్యూమేలో మొదటి లైన్లోనే అది రాసుకోవచ్చు. గేటు దాటి లోపల సైంటిస్టు ముందు కూర్చున్నాక సర్టిఫికెట్ మీద ఏముందో ఎవరికీ పట్టదు.

లోపల ఏం అడుగుతారో కూడా చెప్తాను. నా స్టూడెంట్లు ఇద్దరు ఒకే రోజు ఒకే కంపెనీకి వెళ్లారు. ఒకడు ఆర్గానిక్, ఒకమ్మాయి మామూలు కెమిస్ట్రీ. ఇద్దర్నీ అడిగింది ఒకటే: గ్రిగ్నార్డ్ రియాక్షన్ (మెగ్నీషియంతో చేసే ఒక ఆర్గానిక్ రియాక్షన్) పెట్టేటప్పుడు ఈథర్ ఎందుకు పొడిగా ఉండాలి, తడి ఉంటే ఫ్లాస్కులో నీకు ఏం కనిపిస్తుంది? అబ్బాయి ‘మాయిశ్చర్ ఉండకూడదు సార్’ అని ఆగిపోయాడు. అమ్మాయి, నీళ్లుంటే ఆ రీఏజెంట్ నీటిలోని ప్రోటాన్‌ని లాక్కుని మామూలు హైడ్రోకార్బన్ అయిపోతుందని, అసలు చాలాసార్లు రియాక్షన్ మొదలే కాదని, తను చేసినప్పుడు మెగ్నీషియం అలాగే మెరుస్తూ కూర్చుందని, అయోడిన్ పలుకు వేసి వేడి చేశాక కదిలిందని చెప్పింది. ఎవర్ని తీసుకున్నారో వేరే చెప్పక్కర్లేదు. ఆ అమ్మాయి తన చేతులతో చేసింది కాబట్టి చెప్పగలిగింది.

ఇక్కడే నేను హైదరాబాద్ అనడానికి మొదటి కారణం ఉంది: చేతులతో చేసి నేర్చుకోవడం. మన చిన్న ఊళ్ల నుంచి వెళ్లే పిల్లలు ఎన్ఎంఆర్ స్పెక్ట్రమ్ (అణువు నిర్మాణాన్ని చూపే గ్రాఫ్) అంటే జిరాక్స్ కాగితం మీద చూసినవాళ్లు. నేనూ అలాగే చెప్పాను, సిగ్గుపడి దాచేదేముంది. బోర్డు మీద పీకులు గీసి, ఇది సీహెచ్3, ఇది సీహెచ్2 అని. సెంట్రల్ యూనివర్సిటీ 1974లో మొదలైంది, అక్కడి స్కూల్ ఆఫ్ కెమిస్ట్రీ మొదటి నుంచీ పరిశోధన కోసం కట్టింది. గోవర్ధన్ మెహతా గారు అక్కడ ఆర్గానిక్ సింథసిస్ చేసి, తర్వాత ఆ యూనివర్సిటీకే వీసీ అయి, 1998లో బెంగుళూరు ఐఐఎస్సీ (ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్)కి డైరెక్టర్‌గా వెళ్లారు. గౌతమ్ దేశిరాజు గారు స్ఫటికాల ఇంజినీరింగ్ మీద ప్రపంచమంతా చదివే పని చాలా ఏళ్లు అక్కడే చేశారు. మరి అంత ఆర్గానిక్ జరిగిన చోట డిగ్రీ పేరు మాత్రం ఉత్త ఎమ్మెస్సీ కెమిస్ట్రీయే! చూశారా, పేరుకీ పనికీ ఎంత దూరమో.

ఆంధ్రా యూనివర్సిటీని తక్కువ చేస్తున్నానని ఎవరూ అనుకోవద్దు. 1926 నాటి యూనివర్సిటీ, మా గురువుల్లో సగం మంది వాల్తేరు వాళ్లే, పాతవాళ్లు ఇప్పటికీ వాల్తేరు అనే అంటారు. టి.ఆర్. శేషాద్రి గారు 1930లలో అక్కడికి వచ్చి 1949 దాకా ఉండి, పూలల్లో, చెట్ల బెరళ్లలో రంగులిచ్చే పదార్థాల మీద చేసిన పని వల్లే ఆర్గానిక్ అంటే వాల్తేరు అనే పేరు వచ్చింది. ఇప్పుడు పరవాడలో ఫార్మా సిటీ పక్కనే ఉంది కాబట్టి కంపెనీల రాకపోకలు కూడా ఎక్కువ. అందుకే పైన ఆ ఒక్క సందర్భానికి విశాఖ అన్నాను.

రెండో కారణం కాస్త చెప్పడం కష్టం. పిల్లలు పాఠాల నుంచి ఎంత నేర్చుకుంటారో, పక్క గదిలోవాళ్ల మాటల నుంచి అంతకు రెండింతలు నేర్చుకుంటారు. మెస్‌లో పక్కన కూర్చున్న సీనియర్ ‘డిసెంబర్ నెట్‌కి ఇనార్గానిక్ మిగిలింది’ అని పరిశోధనకీ లెక్చరర్ పోస్టులకీ రాసే జాతీయ పరీక్ష గురించి అంటుంటే, మీ పాప కూడా గదికెళ్లి పుస్తకం తీస్తుంది. పక్కవాళ్లు ‘ఫలానా కంపెనీ ఎంత ఇస్తుందట’ అంటుంటే అదే లెక్క తనకూ తలకెక్కుతుంది. రెండూ తప్పు కాదు. కానీ ఇరవై ఏళ్ల పిల్లకి ముందు పెద్ద లెక్క వినిపించి, చిన్న లెక్క తర్వాత వినిపిస్తే మంచిదని నా నమ్మకం.

ఆ పెద్ద లెక్క అంటే ఏంటో మీకు అంకెల్లో చెప్తాను, ఎందుకంటే చెరువు పెట్టే మనిషికి అంకెలు కావాలి. సీఎస్ఐఆర్-యూజీసీ నెట్ ఏడాదికి రెండుసార్లు. కెమికల్ సైన్సెస్ పేపర్ 200 మార్కులు, తప్పుకి కోత ఉంటుంది. ఇందులో జేఆర్ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వస్తే పీహెచ్‌డీలో చేరిన మొదటి రెండేళ్లు నెలకి 37,000, తర్వాత 42,000, అద్దె భత్యం వేరే. 2023 జనవరి నుంచి ఈ రేటు. అంటే చదువుకుంటూ తీసుకునే జీతం అన్నమాట. ఇప్పుడు అసలు విషయం: ఆ పేపర్లో ఆర్గానిక్ ఒక భాగమే, ఇనార్గానిక్, ఫిజికల్ కూడా అంతే బరువుతో ఉంటాయి. మొదటి ఏడాది నుంచే ఆర్గానిక్‌లో మునిగిపోయిన పిల్లలు క్వాంటమ్ కెమిస్ట్రీ, గ్రూప్ థియరీ చూసి బెదిరిపోవడం నేను చాలాసార్లు చూశాను. అన్నీ సమానంగా చదివించే ఎమ్మెస్సీ ఈ పరీక్షకి సరిగ్గా సరిపోతుంది. ఉత్త కెమిస్ట్రీకి గిరాకీ లేదన్నవాళ్లు ఈ మాట మీకు చెప్పి ఉండరు.

లెక్చరర్ పోస్టుల సంగతి కూడా. జూనియర్ లెక్చరర్‌కి పీజీ చాలు, డిగ్రీ లెక్చరర్‌కి నెట్ గానీ రాష్ట్ర స్థాయి పరీక్ష స్లెట్ గానీ పీహెచ్‌డీ గానీ కావాలి. అక్కడ ఆర్గానిక్ చేసినవాళ్లకి ప్రత్యేకంగా పెద్దపీట ఏమీ లేదు. చాలామంది తండ్రులు నన్ను గుసగుసగా అడిగే ఇంకో భయం: హైదరాబాద్‌లో చదివితే మన పాప తెలంగాణ లోకల్ అయిపోతుందా, ఇక్కడి ఉద్యోగాలకి నాన్‌లోకల్ అయిపోతుందా? అవదు. ఉద్యోగాలకి లోకల్ అనేది నాలుగు నుంచి పది దాకా స్కూలు ఎక్కడ చదివారనే దాన్నిబట్టి చూస్తారు. కావలిలోనే స్కూలు చదివింది కాబట్టి ఎమ్మెస్సీ ఢిల్లీలో చేసినా తను మన జోన్ పిల్లే. స్టడీ సర్టిఫికెట్లు మాత్రం ఇప్పుడే తెచ్చి భద్రంగా పెట్టుకోండి, చిన్న ప్రైవేటు స్కూళ్లు మూతపడితే తర్వాత తిరగలేక చస్తారు.

ఇక మీ చెల్లెలి ఇల్లు. ఇది రాయాలా వద్దా అని కాసేపు ఆలోచించాను, అయినా రాస్తున్నాను. గాజువాక నుంచి యూనివర్సిటీకి సిటీ బస్సులో పోను గంట, రాను గంట. ప్రాక్టికల్స్ ఉన్న రోజు సాయంత్రం దాకా నిలబడే పని. ఆ తర్వాత ఇంటికొచ్చాక అది మేనత్త ఇల్లు, హాస్టల్ కాదు. అత్తయ్య ఏమీ అనకపోయినా గిన్నెలు కనిపిస్తాయి, చిన్నపిల్లల హోంవర్క్ కనిపిస్తుంది, చుట్టాలొస్తే హాలు పోతుంది. అల్లూరు వైపు నుంచి ఒకమ్మాయి ఇలాగే బంధువుల ఇంట్లో ఉండి ఎమ్మెస్సీ చేసింది, బంగారం లాంటి పిల్ల. మొదటి ఏడాది మార్కులు చూసి నేనే ఫోన్ చేశాను. ‘సార్, రాత్రి పదింటికి గానీ పుస్తకం తెరవడం కుదరట్లేదు, వాళ్లు మంచోళ్లే సార్’ అంది. ఆ చివరి మాటే నన్ను ఎక్కువ బాధపెట్టింది. మంచివాళ్లు కాబట్టే కాదనలేదు. విశాఖ పంపినా సరే, హాస్టల్లోనే పెట్టండి. ఆదివారం అత్తయ్య ఇంటికి వెళ్లి అన్నం తిని రావచ్చు.

దూరం అని భయపడుతున్నారు గానీ కావలి నుంచి విశాఖ కంటే హైదరాబాదే దగ్గర. రాత్రి సింహపురి ఎక్కితే తెల్లారేసరికి సికింద్రాబాద్. నారాయణాద్రి అయితే మన నెల్లూరు, ఒంగోలు మీదుగా లింగంపల్లి దాకా పోతుంది, అక్కడి నుంచి యూనివర్సిటీ కొద్ది దూరమే.

డబ్బు గురించి రెండు ముక్కలు. ఆంధ్రా యూనివర్సిటీ అలాట్‌మెంట్ ఆర్డర్ ఒకసారి మళ్లీ తీసి చూడండి, అది రెగ్యులర్ సీటా, సెల్ఫ్ ఫైనాన్స్ సీటా? చాలామంది కాలేజీ పేరు చూసి సంతోషంలో ఆ లైను చదవరు. ఫీజులో తేడా చాలా ఉంటుంది. ఫీజు రీయింబర్స్‌మెంట్ మీ సీటుకి వస్తుందా అని ఆఫీసులోనే అడగండి, ఇంటర్నెట్ సెంటర్ కుర్రాడిని అడగొద్దు. సెంట్రల్ యూనివర్సిటీలో ఫీజు మీరు భయపడినంత ఉండదు, ఖర్చంతా హాస్టల్, మెస్, రాకపోకలు. హాస్టల్ గది చేరిన రోజే ఇస్తారా, ఆలస్యమవుతుందా అనేది మాత్రం ముందే కనుక్కోండి, ఎందుకంటే గచ్చిబౌలి చుట్టుపక్కల ప్రైవేటు హాస్టల్లో రెండు నెలలు ఉంటే మీ లెక్కంతా తారుమారు అవుతుంది.

ఇప్పటిదాకా హైదరాబాద్ హైదరాబాద్ అన్నాను. ఇప్పుడు నేను తప్పు సలహా ఇచ్చిన కథ చెప్తాను, ఇది విన్నాకే మీరు నిర్ణయం తీసుకోవాలి. పొదిలి వైపు కుర్రాడు ఒకడు, వాళ్ల నాన్నకి పొగాకు బ్యారన్ (ఆకు కాల్చే కొట్టం). ఎమ్మెస్సీ అవగానే వాడికి ఒక కంపెనీలో మంచి ఉద్యోగమే వచ్చింది. నేను వద్దన్నాను. నీ బుర్రకి ఆ ఉద్యోగమేంట్రా, ఇంట్లో కూర్చుని ఏడాది చదువు, జేఆర్ఎఫ్ కొట్టు అన్నాను. వాడు నన్ను నమ్మి మానేశాడు. మొదటిసారి కొద్దిలో పోయింది, రెండోసారీ పోయింది. ఆ ఏడాది పొగాకు ధర పడిపోయింది, చెల్లెలి పెళ్లి అప్పు వడ్డీలు మొదలయ్యాయి. చివరికి అదే రకం కంపెనీలో, రెండేళ్లు ఆలస్యంగా, తక్కువ జీతానికి చేరాడు. తర్వాతెప్పుడో ఒంగోలు బస్టాండులో కనిపించి టీ ఇప్పించాడు. కోపంగా కాదు, మామూలుగానే అన్నాడు: ‘సార్, మీకు ఒకటో తారీఖు జీతం పడేది కాబట్టి ఆ మాట తేలిగ్గా అనేశారు.’ నాకు టీ గొంతులోకి దిగలేదు.

అప్పటి నుంచి ఎవరు అడిగినా యూనివర్సిటీ గురించి తర్వాత, ముందు ఒకటి అడుగుతాను. మీ ఇల్లు ఎన్నేళ్లు ఆగగలదు? మీ పాప జీతం లేకుండా రెండేళ్లా, మూడేళ్లా, ఐదేళ్లా? చెరువులు రెండు పంటలు పోయాయన్నారు. మేత షాపు అప్పు ఎంతుంది, లీజు ఎంత, వచ్చే పంట వేస్తారా, ఈసారి విరామం ఇస్తారా, ఈ లెక్క మీకే తెలుసు. నాకు చెప్పక్కర్లేదు, మీ పాపకి చెప్పండి. మన వైపు ఆడపిల్లల దగ్గర అప్పులు దాచడం ఒక గౌరవం అనుకుంటారు. తనకి తెలియకపోతే అక్కడికెళ్లి తన లెక్క తను వేసుకోలేదు. రెండేళ్లే ఆగగలం అని తేలితే, హైదరాబాద్ వెళ్లినా సరే మొదటి రోజు నుంచి ఆర్గానిక్ ప్రాజెక్టు, అనలిటికల్ పరికరాలు, ఇంటర్వ్యూలు అనే దారిలో నడుస్తుంది. హైదరాబాద్ చుట్టూ ఫార్మా కంపెనీలకి కొదవ లేదు. మూడు నాలుగేళ్లు ఆగగలం అంటే నెట్ వైపు. హైదరాబాద్‌లో ఈ రెండు తలుపులూ తెరిచే ఉంటాయి, ఒక ఏడాది గడిచాక కూడా మనసు మార్చుకోవచ్చు. నేను దాన్ని ఎంచుకోవడానికి అసలు కారణం ఇదే, పేరు కాదు.

ఆడపిల్లకి కంపెనీ ఉద్యోగం ఎలా ఉంటుందని మీరు అడగలేదు గానీ అడగాలనుకున్నారని నాకు అనిపించింది. ప్రొడక్షన్లో రాత్రి షిఫ్టులు ఉంటాయి, అక్కడ అమ్మాయిలు తక్కువ. ఆర్ అండ్ డీ, అనలిటికల్ ఎక్కువగా పగటి పని, అక్కడ అమ్మాయిలు బాగానే ఉన్నారు. ఇంటర్వ్యూలో షిఫ్టుల గురించి నోరు తెరిచి అడగమనండి.

తెలుగు మీడియం గురించి భయపడుతున్నారు. మొదటి సెమిస్టర్ దెబ్బ తగులుతుంది, తగలదని చెప్పను. కొండపి దగ్గర పల్లె నుంచి ఒకడు సెంట్రల్ యూనివర్సిటీకి వెళ్లి, సంక్రాంతికి ఇంటికొచ్చి, ఇక వెళ్లనని మంచానికి అడ్డం పడ్డాడు. క్లాసులో అందరూ ఇంగ్లీషులో ప్రశ్నలడుగుతున్నారు, నాకు సమాధానం తెలిసినా నోరు పెగలట్లేదు అన్నాడు. వాళ్ల నాన్న నా దగ్గరికి తీసుకొచ్చాడు. నేను పెద్ద ఉపన్యాసం ఏమీ ఇవ్వలేదు. రోజూ ఒక రియాక్షన్ మెకానిజం ఇంగ్లీషులో గట్టిగా చదివి గోడకి చెప్పమన్నాను. వాడు ఏకంగా రూమ్‌మేట్‌కి చెప్పడం మొదలుపెట్టాడు, ఆ రూమ్‌మేట్ కేరళవాడు, వాడి ఇంగ్లీషు కూడా అంతంతే. ఇద్దరూ కలిసి బయటపడ్డారు. మనవాడికి జేఆర్ఎఫ్ మూడోసారికి వచ్చింది, మొదటిసారికి కాదు. మీ పాప చేరేలోపు ఉన్న ఈ కొద్ది రోజుల్లో కెమికల్ బాండింగ్, స్టీరియోకెమిస్ట్రీ, థర్మోడైనమిక్స్, ఈ మూడూ ఇంగ్లీషు పుస్తకంలోంచి మళ్లీ ఒకసారి చదువుకోమనండి, అదే చాలు.

ఇంకొకమ్మాయి మాత్రం అక్కడికెళ్లి రెండేళ్లు చదివి, పరిశోధన నాకు పడదు సార్ అని తిరిగొచ్చి బీఈడీ చేసింది. ఇప్పుడు జిల్లా పరిషత్ హైస్కూల్లో పాఠాలు చెప్తోంది, ల్యాబ్‌లో ఉప్పుల పరీక్షలు పిల్లల చేత చేయిస్తుంది. హాయిగా ఉంది. అంత దూరం వెళ్లి టీచర్ అయిందా అని వాళ్ల చుట్టాలు అంటారట. అననివ్వండి.

నిర్ణయానికి ముందు చేయాల్సినవి. రెండు డిపార్ట్‌మెంట్ల ఆఫీసులకీ ఫోన్ చేసి లాభం లేదు, అంతా బాగుందనే చెప్తారు. రెండో ఏడు చదువుతున్న స్టూడెంట్ ఎవరినైనా పట్టుకోండి, కావలి డిగ్రీ కాలేజీ లెక్చరర్లని అడిగితే పాత స్టూడెంట్ల నంబర్లు దొరుకుతాయి. మీరు కాదు, మీ పాపే మాట్లాడాలి. వారంలో ఎన్ని రోజులు ల్యాబ్ నిజంగా జరుగుతుంది, ప్రాజెక్టుకి గైడ్‌ని మనం ఎంచుకుంటామా వాళ్లే ఇస్తారా, పోయినేడు బయటికెళ్లినవాళ్లు ఇప్పుడు ఎక్కడున్నారు, ఈ మూడు అడిగితే చాలు. వైఫై ఎలా ఉంది, మెస్‌లో సాంబారు ఎలా ఉంది అనేవి వాళ్లే చెప్తారు.

ఒక జాగ్రత్త. ఒరిజినల్ సర్టిఫికెట్లు ఎక్కడా వదిలేసి రావద్దు. నా స్టూడెంట్ ఒకడు తొందరపడి ఒక ప్రైవేటు పీజీ కాలేజీలో చేరితే, నెల తర్వాత మంచి సీటు వచ్చినప్పుడు ఒరిజినల్స్ ఇవ్వకుండా రెండేళ్ల ఫీజూ కట్టమని తిప్పారు. ఒరిజినల్స్ సరిచూసుకుని కాలేజీ వెంటనే వెనక్కిచ్చేయాలని, నిర్ణీత గడువులోపు మానేస్తే ఫీజు వాపసు ఇవ్వాలని యూజీసీ 2018లోనే చెప్పింది. ఆ కాగితం ప్రింట్ తీసుకుని వెళ్లాకే వాడికి ఒరిజినల్స్ ఇచ్చారు. విశాఖ సీటుకి డబ్బు కట్టాల్సిన గడువు ముందు వస్తే, కట్టే ముందు ఈ వాపసు లెక్క అడిగి తెలుసుకోండి.

చివరగా ఒక చిన్న పని, దీన్ని అందరూ మర్చిపోతారు. రెండింటిలో ఎక్కడ చేరినా మీ పాప యూనివర్సిటీ మారుతోంది, కాబట్టి టీసీ ఒక్కటే సరిపోదు, మైగ్రేషన్ సర్టిఫికెట్ కావాలి. కావలి కాలేజీలు విక్రమ సింహపురి యూనివర్సిటీ కింద ఉన్నాయి కాబట్టి ఆ సర్టిఫికెట్ నెల్లూరు దగ్గర ఆ యూనివర్సిటీ ఉన్న కాకుటూరు నుంచి రావాలి. ఆన్‌లైన్లో అప్లై చేసి వస్తుందిలే అని కూర్చోకుండా, రేపు పొద్దున నెల్లూరు బస్సెక్కి స్వయంగా వెళ్లండి. ప్రొవిజనల్, మార్కుల మెమోలు అన్నీ రెండేసి సెట్లు జిరాక్స్ తీసుకెళ్లండి, వెంకటాచలం దగ్గర దిగాక జిరాక్స్ షాపు వెతుక్కుంటూ తిరిగిన తండ్రులు నాకు బోలెడుమంది తెలుసు.